శవానికి కాస్త తీయగా

లోర్నా బంగాళాదుంపల తొక్క తీస్తూ టీవీలో టేపు వేసుకుని ఆ అమ్మాయి చావు మళ్లీ చూసింది. వంటింటి బల్ల మీద ఒక పక్క దుంపలు, ఇంకో పక్క సింథసైజర్ కీబోర్డు. ఇంగ్లండులో, షెఫీల్డ్‌లోని ఆ ఇరుకింట్లో ఆమె పనికంటూ వేరే చోటు లేదు. బ్యాండు ఉన్న రోజుల్లో ఆమే, డ్రమ్ములు వాయించే భర్త క్లైవూ ఒకే వేదిక మీద ఉండేవాళ్లు. న్యూవేవ్ పాటల మోజు చల్లారి బ్యాండు విడిపోయాక, టీవీ వాళ్లు సంగీతం చేయించుకోవడానికి వెతుక్కుంటూ వచ్చింది మాత్రం లోర్నా కోసమే. అయినా అత్తగారు డొరీన్ వచ్చినప్పుడల్లా, రోజంతా ఇంట్లోనే ఉండి మీటలు నొక్కే మనిషికి మొగుడి చొక్కా ఇస్త్రీ చెయ్యడానికి తీరికుండదా అని ఓ మాట విసిరి పోయేది.

ఇప్పుడు ఆమె సంగీతం చేస్తున్నది ఒక నేర పరిశోధన సీరియల్‌కి. వారానికో ఆడది చస్తుంది. కథే కదా అనుకుంది మొదట్లో. రాను రాను ఆమె కంటికి ఆనింది: చచ్చేవాళ్లంతా అందగత్తెలే, సగం బట్టల్లోనే. కెమెరా కాళ్ల దగ్గర మొదలై తీరిగ్గా పైకి పాకుతుంది. ఆ పాకడానికి తాళం వేస్తున్నది తనే.

ఆ చావుకి ఆమె పంపిన సంగీతం విని నిన్న దర్శకుడు నైజెల్ ఫోన్ చేశాడు.

"బాగుంది బంగారం, కానీ మరీ భయంగా ఉంది. పిల్ల చూడముచ్చటగా ఉంది కదా, కాస్త తీయగా వాయించు."

"వాడు ఆమె గొంతు నులుముతున్నాడు నైజెల్."

"అందుకేగా తీపి అడుగుతున్నా."

నోట్లో మాడిన నూనె రుచి తగిలింది. అయినా సరేనంది. ఆ సరే గుర్తొచ్చినప్పుడల్లా తన మీద తనకే రోత. ఒకప్పుడు వేదిక ముందు నిలబడి బట్టలు విప్పమని అరిచినవాడి మొహాన నోట్లో బీరంతా ఉమ్మిన మనిషి తను. ఇంత మర్యాద ఎప్పుడు నేర్చుకుంది?

క్లైవ్ లోపలికొచ్చి టీవీ ముందు ఆగిపోయాడు.

"పోయినవారం ట్యూనే పెట్టెయ్. ఎవడు వింటాడు? అందరూ చూసేది దాన్నేగా" అని నవ్వాడు. కళ్లు తిప్పకుండానే, భోజనానికి ఇంకా ఎంతసేపని అడిగాడు.

లోర్నా కత్తి కింద పెట్టి చేతులు కడుక్కుంది. ఆ భాగం మొత్తానికీ సంగీతం చేసింది. ఆ ఒక్క చావు దృశ్యానికి తప్ప. అక్కడ హంతకుడి ఊపిరి, నేలకు కొట్టుకునే ఆమె మడమల చప్పుడు, అంతే.

టేపు అందాక నైజెల్ మళ్లీ ఫోన్ చేసి, అక్కడేమీ వినపడటం లేదు, పాడైందా అన్నాడు. పాడవలేదని, అలాగే ఒకసారి చూడమని చెప్పింది. అతను చూశాడు. టేపు ఆపి మళ్లీ ఫోన్ అందుకున్నాడు.

"ఇలా అయితే ఎవరు చూడగలరు లోర్నా?"

"నేనూ అదే అడుగుతున్నాను" అంది.

ఆ తర్వాతి భాగం నుంచి సంగీతం ఇంకెవరో చేశారు. తీయగానే ఉందని క్లైవ్ చెప్పాడు. ఆమె చూడలేదు.