పిలుపుకి వారంటీ లేదు

సియూ హాంగ్ ఇంట్లో పై రెండంతస్తుల్లోనూ మనుషులుండరు, పిట్టలుంటాయి. ఉమ్మితో గోడకి తెల్లటి గూడు కట్టే పిట్టలు. ఆ గూళ్ళతో కాచిన సూప్ కోసం జనం ఎగబడతారు కాబట్టి, మలేషియాలోని ఈ తెలుక్ ఇంతాన్ ఊళ్ళో సగం మేడలు వాటికే అద్దెకిచ్చినట్టుంటాయి. పిట్టల్ని రప్పించాలంటే పిట్టల అరుపే వినిపించాలి. ఆవిడ ఇంట్లో ఆ అరుపు ఒక హార్డ్ డిస్క్‌లో ఉండేది. చూరు కింది స్పీకర్లోంచి పొద్దస్తమానం పలికేది. వినీ వినీ ఆవిడ నిద్రలో కూడా, ఎవరో పిలుస్తున్నారని నవ్వుకునేది.

మంగళవారం అరుపు ఆగిపోయింది. డిస్క్ లోపల 'టిక్కు టిక్కు' అన్న చప్పుడు మాత్రం మిగిలింది. ఆ సాయంత్రం పిట్టలు పైకిటికీ దాకా వచ్చి, పొగలా సుడి తిరిగి, ఎదురింటి కోక్ సెంగ్ మేడ వైపు మళ్ళాయి.

"ఏమక్కా, మీ ఇంట్లో పాట మూగబోయిందే! బెంగపడకండి, మీ వాళ్ళకి మా ఇంట్లో బోలెడంత చోటుంది" అన్నాడు కోక్ సెంగ్. పుండు మీద కారం చల్లడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

బజారులో వేరే అరుపులు దొరుకుతాయి. కానీ ఈ పిట్టలు నమ్మి వచ్చింది ఆ అరుపుని. దాన్ని అమ్మినవాడు ఫోను ఎత్తడం మానేసి ఏడాదైంది. మూడు రోజులు ఆవిడ వీధిలో నిలబడి ఆకాశం చూసింది. ఖాళీ గూళ్ళు చూసే ధైర్యం లేక పైకి మాత్రం ఎక్కలేదు. వెలుగు పోకముందే లోపలికొచ్చి తలుపేసుకునేది.

వారంటీ ఇంకా పంతొమ్మిది రోజులుంది. శుక్రవారం డిస్క్‌ని తువ్వాలులో చుట్టుకుని ఇపో పట్నం బస్సెక్కింది.

సర్వీస్ సెంటర్‌లో హఫీజుల్ అనే కుర్రాడు తువ్వాలు విప్పి ముక్కు మూసుకున్నాడు.

"ఏంటాంటీ ఈ వాసన?"

"రెట్ట నీళ్ళు. ప్లాస్టిక్ వాసనొస్తే పిట్టలు దగ్గరికి రావయ్యా. అందుకని పూశా."

"అయ్యో, తడి తగిలితే వారంటీ చెల్లదు!"

"తడేంటి? అత్తరు పూస్తే తడంటారా ఎవరైనా?"

అతను నవ్వాపుకోలేక, లైటు వేసి మూతల సందుల్లోకి చూశాడు. రెట్ట పైపైనే ఉంది, లోపలికి దిగలేదు. తీగ తగిలించాడు. టిక్కు, టిక్కు, టిక్కు.

"చీకట్లో మా పిట్టలు ఇలాగే చప్పుడు చేస్తాయి" అంది ఆవిడ. "అది గోడకి తగిలి తిరిగొస్తే వాటికి దారి తెలుస్తుంది."

"ఇదీ అంతే ఆంటీ. లోపల ముల్లులాంటిది ఒకటుంటుంది. తన చోటు వెతుక్కుంటోంది. దొరకట్లేదు."

"మరి నా అరుపు?"

అతను తల దించుకున్నాడు. "వారంటీ డబ్బాకే ఆంటీ. లోపలున్నదానికి కాదు. ఇది ఇచ్చేస్తే కొత్తదిస్తాం. ఖాళీది."

"దానికెన్నాళ్ళు వారంటీ?"

"దీనికి మిగిలిన పంతొమ్మిది రోజులే."

"బాగుంది! చచ్చినదాని ఆయుష్షు పుట్టినదానికి అంటగట్టారన్నమాట."

డిస్క్‌ని ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తర్వాత సంతకం చేసింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోయింది. ఆకాశంలో పిట్టలు సుడులు తిరుగుతూ కోక్ సెంగ్ మేడ మీదికి దిగుతున్నాయి. ఆవిడ ఈసారి నిలబడలేదు. కొత్త డిస్క్ చంకలో పెట్టుకుని, మెట్లెక్కి, పై గదిలో నేల మీద కూలబడింది. లైటు వేయలేదు. ఎన్నేళ్ళ నుంచో పలికిన ఇల్లు, ఇప్పుడు నిండా నీళ్ళు నింపినట్టు నిశ్శబ్దంగా ఉంది. కిటికీలో వెలుగు బూడిద రంగై, నల్లబడి, పోయింది. నిద్రా మెలకువా కాని మగతలో, ఇక ఈ ఇంటికెవరూ రారు అనుకుంది. ఆ మాట అనుకోగానే భయమేసింది.

టిక్కు.

డిస్క్ ఇంకా బతికే ఉందా? చంకలో తడుముకుంది. కొత్తది అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు. పాతది ఇపోలో ఉంది.

టిక్కు, టిక్కు టిక్కు. గది నిండా, తల చుట్టూ. చెంప మీద రెక్కగాలి తగిలింది. ఒకటి వచ్చి గోడకి అతుక్కుంది, ఇంకొకటి, మరొకటి. ఎదురింటికి మళ్ళినవి గూటికి చోటు వెతుక్కునే కొత్తవి; ఇవన్నీ ఆ గోడ మీద గుడ్డులోంచి బయటపడినవే. వాటికి స్పీకరుతో పనేముంది? ఈ మూడు రాత్రులూ చీకటి పడ్డాక ఇలాగే వచ్చి ఉంటాయి, ఆవిడ కింద తలుపేసుకుని కూర్చున్నప్పుడు.

సియూ హాంగ్ అట్టపెట్టెని పక్కన పెట్టేసింది.

"మిమ్మల్నెవరు పిలిచార్రా?" అంటూ ఏడుస్తూ తిట్టింది.