ఆరో ఛానల్

నేను వైఫై బిగించే పని చేస్తానండి. ఇళ్లకీ, షాపులకీ, చిన్న ఆఫీసులకీ. మా బిల్డింగులో పద్నాలుగు ఇళ్లు. పద్నాలుగింటికీ నేనే బిగించా. ఆ మాట చెప్పుకుని మీసం కూడా తిప్పేవాణ్ణి.

మొన్న మా ఆవిడకి ఇంటర్వ్యూ. ఆన్‌లైన్లో కుట్లు నేర్పే స్కూలు వాళ్లు ఇరవై నిమిషాలు పాఠం చెప్పి చూపించమన్నారు. నచ్చితే ఉద్యోగం. యాభైకి దగ్గరపడ్డాక మొదటి ఉద్యోగమండీ! వారం రోజులు అద్దానికి పాఠం చెప్పుకుంది పాపం.

"ఇవాళైనా నెట్ సరిగ్గా వస్తుందా?" అంది పొద్దున్నే.

"ఎవర్ని పట్టుకుని అడుగుతున్నావ్?" అన్నా.

పదకొండింటికి మొదలైంది. బయట కుండపోత వాన. జనమంతా ఇళ్లలోనే, ఫోన్లలోనే. ఐదు నిమిషాలకే బొమ్మ ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం. ఏంటా అని నా ఫోన్లో చూద్దును కదా, పద్నాలుగు రౌటర్లూ ఆరో ఛానల్ మీదే! ఛానల్ అంటే రోడ్డనుకోండి. పక్కన ఖాళీ రోడ్లున్నా అందర్నీ ఒక్కదాని మీదకే తోలా. పని నేర్పినాయన ఆరు పెట్టేవాడు, నేనూ కళ్లు మూసుకుని ఆరే పెట్టా. ఇప్పుడు మాది మారుద్దామంటే రౌటర్ ఆపి మళ్లీ వెయ్యాలి. ఆపితే పాఠం తెగిపోతుంది.

ఎదురింటికి పరిగెత్తా.

"పిన్నిగారూ, ఓ పావుగంట మీ వైఫై ఆపండి."

"ఆపొద్దని నువ్వే కదయ్యా అంటించావ్? అదిగో."

స్విచ్ పక్కన కాగితం. నా రాతే. ‘ఆపరాదు. ఆపితే నా పూచీ లేదు.’

"నేనే చెప్తున్నా కదండీ!"

"పాడైతే?"

"నేనే బాగుచేస్తా."

"పోయినసారీ ఇదే మాటన్నావ్. మూడు వారాలు కనపళ్లేదు."

బతిమాలితే ఆపింది. పక్కింటాయన స్నానంలో ఉన్నాడట. ఆ పై ఇంట్లో తలుపే తియ్యలేదు. అన్ని మెట్లెక్కి దిగితే పిన్నిగారిదీ, కింద ఇంకొకరిదీ, ఆగినవి రెండే. ఆయాసపడుతూ ఇంటికొచ్చా.

స్క్రీన్ మీద స్కూలు మేడమ్ నవ్వుతూ అలాగే బిగుసుకుపోయి ఉంది. మధ్యలో చక్రం తిరుగుతోంది. మా ఆవిడ అది చూళ్లేదు. తల వంచుకుని, గుడ్డ కెమెరా ముందుకి పెట్టి చెప్పుకుంటూ పోతోంది.

"చూశారా మేడమ్, ఇక్కడ దారం గట్టిగా లాగకూడదు. గుడ్డ ముడుచుకుపోతుంది. నెమ్మదిగా..."

ఎంత బాగా చెబుతోందో! విన్నది నేనొక్కణ్ణే. అవతల ఆగిపోయిందని ఎలా చెప్పనండీ? గుమ్మంలోనే నిలబడిపోయా.

ముడి వేసింది. దారం తెంపింది. ఎలా ఉంది మేడమ్ అంటూ, నవ్వుతూ తలెత్తింది.