వీరన్న యార్డులో సొట్ట అచ్చు

నేను ఒక వర అచ్చును. బావుల్లోకీ, మరుగుదొడ్డి గుంతల్లోకీ దింపే సిమెంటు వరలు చూశారు కదా, వాటికి ఆ గుండ్రటి ఆకారం ఇచ్చేది నేనే. బయట రెండు ఇనుప డొప్పలు, లోపల ఇంకో రేకు చుట్టు, ఎనిమిది బోల్టులు. ప్రస్తుతం ఒక పోలీస్ స్టేషన్ ఆవరణలో, పట్టుబడ్డ ఇసుక ట్రాక్టరుకూ చక్రాల్లేని ఆటోకూ మధ్య పడి ఉన్నాను. నా ఒంటి మీద తెల్ల రంగుతో కేసు నంబరు వేశారు. ముందే చెబుతున్నాను, నాకు పగ ఉంది. దాన్ని దాచుకునే మర్యాద నాకు లేదు.

నలభై ఏళ్ల కిందట సామర్లకోటలో ఒక వెల్డింగ్ షాపులో పుట్టాను. నన్ను చేయించినవాడు వీరన్న మేస్త్రి. తుని దాటాక రోడ్డు పక్కన తాటాకు పాక వేసి, నన్ను మధ్యలో నిలబెట్టి వరలు పోయడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున్నే లోపలంతా కాలిన ఇంజనాయిలు రాసేవాడు. "నూనె రాయకుండా చంటిపిల్లకి నీళ్లు పోస్తారేటి?" అనేవాడు. పోసిన వర ఒక రాత్రంతా నాలోనే ఉండాలి. తీశాక పద్నాలుగు రోజులు గోనెపట్టా కప్పి తడుపుతూ ఉండాలి. అంతకుముందే, అంచు పచ్చిగా ఉండగా, మేకుతో దానిమీద తేదీ గీసేవాడు. దీనికీ ఒక పుట్టినరోజు ఉండాలి కదా అని ఆయన వాదన.

తడిపే పని నూకరత్నానిది. పెళ్లయిన ఏడాదే పనిలో చేరింది. చదువు రాదు. ఏ వరకి ఎన్నిరోజులు నీళ్లు పడ్డాయో తెలియాలి కాబట్టి అంకెలు మాత్రం వీరన్నే నేర్పాడు, అదే మేకుతో.

వరల తర్వాత కంచె స్తంభాలొచ్చాయి, కాలువ మూతలొచ్చాయి. పాక పోయి రేకుల షెడ్లు లేచాయి. అన్నవరం నుంచి పాయకరావుపేట దాకా ఎవరు బావి తవ్వినా వీరన్న వరలే కావాలనేవారు. ఆయనేం దేవుడు కాదు. కూలీలకు టీ పోయించడంలో మహా పీనాసి. కానీ పద్నాలుగో రోజు దాటకుండా ఒక్క వరనీ లారీ ఎక్కనివ్వలేదు. పెళ్లివారు పాయఖానా కోసం వచ్చి బతిమాలినా వినలేదు.

ఆయన పోయాక కొడుకు దొరబాబు వచ్చాడు. మంచి చొక్కాలు, గేటు మీద వెలిగే బోర్డు, తండ్రి ఫోటోకి పెద్ద దండ. మనుషులు ఎవరి మాట వినరో వారి ఫోటోకే పెద్ద దండ వేస్తారని అక్కడే తెలుసుకున్నాను. పొద్దున పోసిన వరని సాయంత్రానికే తీయమన్నాడు. పచ్చి వర నన్ను వదలదు. ఒకరోజు పనివాళ్లు తటపటాయిస్తుంటే తనే సమ్మెట లాక్కుని నన్ను బాదాడు. మూడో దెబ్బకి నా ఎడమ డొప్ప లోపలికి పోయింది. అరచేయంత సొట్ట.

ఆ రోజు నుంచి నాకు ఆయనంటే అసహ్యం. అడపాదడపా ఆయన వేలు నా బోల్టు కింద నలిగితే సంతోషించాను కూడా. చిన్న బుద్ధే, ఒప్పుకుంటాను.

నాలోంచి వచ్చే ప్రతి వరకీ పక్కన ఒక గుంట పడేది. కొనేవాళ్లు చూడకుండా మర్నాడు దానికి సిమెంటు పూత పెట్టమని నూకరత్నానికి చెప్పాడు. అంచు మీద తేదీలు గీయడం కూడా మాన్పించాడు. "రోజులు లెక్కెట్టేది నువ్వా, లారీవోడా?" అన్నాడు. కానీ ఆమెకి తేదీ లేకుండా నీళ్లు పెట్టడం చేతకాదు. సాయంత్రం నన్ను విప్పగానే, పచ్చి గుంటలో మేకుతో తేదీ గీసేది. మర్నాడు దానిమీద కాగితం ముక్క వేసి పైన పూత పూసేది. మరచిపోతే పూత తీసి చూసుకోవచ్చని. ఆ సొట్టని ఆమె అలా వాడుకుంటుంటే నాకు దాని నొప్పి కాస్త తగ్గింది.

మార్చిలో ఒక తోటలో బావికి పన్నెండు వరలు వెళ్లాయి. దింపే పని అప్పలకొండది. వరలో కూర్చుని అడుగున ఇసుక తోడుతుంటే, పైన బరువుకి వర కిందికి జారాలి. జారలేదు, పగిలింది. ఇసుక లోపలికి దూకింది. మధ్యాహ్నానికి ఆయన్ని తీశారు, ప్రాణం లేదు.

పగిలిన వర నాదే. ఆకారం ఇచ్చింది నేనే. ఈ మాట చెప్పకుండా పగ గురించి మాట్లాడితే నేను కూడా దొరబాబులాంటిదాన్నే అవుతాను.

యార్డుకొచ్చిన పోలీసులకి దొరబాబు నెమ్మదిగా చెప్పాడు. "నెల కిందట పోసిన వరలండి. తడపాల్సింది నూకరత్నమండి. ముసల్ది, నీళ్లెట్టకుండా ఎగ్గొట్టుంటదండి. నేనేం చేస్తానండీ." ముప్ఫై ఏళ్లు గోనెపట్టాల మీద నీళ్లు మోసిన మనిషి మీద, మనిషిని చంపిన నేరం పడబోయింది. ఎస్సై ఆమెని జీపెక్కమన్నాడు.

ఆమె ఎక్కలేదు. పోలీసులు బావి నుంచి తెచ్చి యార్డులో దింపిన ముక్కల దగ్గరికి నడిచి, ఒకదాన్ని కాలితో తిప్పింది.

"ఈ పూత గోకండి బాబూ."

ఎస్సై బండి తాళంచెవితో గోకాడు. పూత పెచ్చులా ఊడింది, కింద నానిన కాగితం, దాని కింద వంకర టింకర అంకెలు. మార్చి ఆరో తారీకు. లారీ చీటీ మీద అదే నెల తొమ్మిదో తారీకు. మూడు రోజుల వర.

"అది మా యార్డుది కాదండి," అన్నాడు దొరబాబు. అప్పటిదాకా తనదేనన్న నోటితోనే.

అప్పుడు షెడ్డులోంచి నన్ను తెచ్చారు. నలుగురు ఆ ముక్కనెత్తి నా ఎడమ డొప్పకి లోపలివైపు ఆనించారు. సొట్ట గుంటలో కూర్చుంది, వెంట్రుకంత సందు లేకుండా. సమ్మెట పట్టిన చెయ్యి ఎవరిదని ఎస్సై అడిగితే పనివాళ్లంతా ఒకేవైపు చూశారు. నా జన్మలో అంత ఆనందం ఎరగను. అది తప్పని నాకెవరూ చెప్పొద్దు.

యార్డుకి తాళం పడింది. బోర్డు వెలగడం లేదు. దొరబాబు బెయిలు మీద ఉన్నాడు. వారానికోసారి సంతకం పెట్టడానికి ఇక్కడికి రావాలి. వచ్చినప్పుడల్లా నాకు వీపు చూపించి నిలబడతాడు.

నూకరత్నం కూడా సాక్షిగా వస్తుంటుంది. పోయిన వారం కొంగున ఒక గుడ్డ ముక్క తెచ్చుకుంది, కాలిన ఇంజనాయిల్లో ముంచింది. నా పక్కన కూర్చుని సొట్టకి మాత్రం రాసింది. మిగతా ఒళ్లంతా తుప్పు పట్టినా ఫర్వాలేదన్నట్టు రాసింది.

"ఇది పోకూడదు," అంది కానిస్టేబులుతో. "కోర్టులో అప్పలకొండ పెళ్లాం చూడాలి."