రాయెక్కిన బోటు వార్త

ఊరబెట్టిన సొరచేప కంపు సాల్వోర్‌కి ఏనాడూ రోత పుట్టించలేదు. చిన్నప్పటి నుంచీ అలవాటైన కంపే అది. ఆ మధ్యాహ్నం ఆమెకు రోత పుట్టించింది హాఫ్లిది నవ్వు. చలికాలపు విందు కోసం ఆమె ఊరి హాలు వంటగదిలో సొరచేప ముక్కలు కోస్తుంటే, తలుపు అవతల వేదిక మీద విందు కమిటీ పెద్ద హాఫ్లిది రిహార్సల్ చేసుకుంటున్నాడు. తను వేసిన జోకుకి తనే పగలబడి నవ్వుకుంటున్నాడు, దౌర్భాగ్యుడు!

ఏటా ఆ విందులో కమిటీవాళ్లు ఊళ్లోవాళ్ల పరువు తీస్తారు. పరువు పోయినవాళ్లు అందరికంటే గట్టిగా నవ్వాలి. అది తాతల నాటి ఆనవాయితీ. ఈసారి కమిటీకి కొత్త పిచ్చి పట్టింది. ఊరి పత్రిక పాత సంచిక ఒకటి వెతికి తీసి, దాని మొదటి పేజీని దుప్పటంత పెద్దదిగా అచ్చేయించి వేదిక వెనక గోడకి తగిలించారు. ఒక్కో శీర్షికా చదవడం, వెంటనే "అసలు వార్త" అంటూ దానికి తమ వెటకారం తగిలించడం, ఇదీ కార్యక్రమం.

"వచ్చే వేసవికల్లా వంతెన మరమ్మతు పూర్తి," అని చదివాడు హాఫ్లిది. "అసలు వార్త: ఏ వేసవికో మేం చెప్పామా? అంటున్న ఊరి పెద్దలు!"

సాల్వోర్ కూడా నవ్వింది. ఆ వంతెన సంగతి ఆమెకు తెలియనిదా!

"నిశ్చల సముద్రంలో రాయెక్కిన బోటు. సిబ్బంది క్షేమం. అసలు వార్త: రాయికి గుద్దుకున్నా చెడని కెప్టెన్ నిద్ర!"

ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ బోటు నడిపింది ఆమె అన్న గ్రీముర్. వరసగా రాత్రిళ్లు వలలు లాగి లాగి, తెల్లవారుజామున చుక్కాని దగ్గర కునుకు తీశాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. అయినా ఆ వార్త అచ్చయిన నాటి నుంచి, నలభై ఏళ్లుగా, అతను ఈ హాలు గడప తొక్కలేదు. చేపల ఫ్యాక్టరీకి వెళ్లడం, ఇంటికొచ్చి తలుపేసుకోవడం, అంతే. ఆమె ఏటా బతిమాలగా బతిమాలగా, ఈ ఏడు వస్తానన్నాడు.

కత్తితోనే వేదిక ఎక్కింది.

"సిగ్గుందిట్రా నీకు?"

"ముందా కత్తి కింద పెట్టక్కా."

"పెట్టను. మా అన్న మీది ముక్క తీసెయ్."

"అందరి మీదా వేస్తున్నాం గదక్కా! పాస్టరుగారి మీద కూడా ఉంది."

"ఆయనకేం, ఎన్నంటే అన్ని దులిపేసుకుంటాడు. మా అన్న ఇన్నేళ్లకి ఇల్లు కదుల్తున్నాడ్రా. నువ్వది చదివావో, వచ్చే ఏటి నుంచి విందుకి గొర్రె తలకాయలు నువ్వే కాల్చుకో!"

"పోనీ ఆయన్ని ఓ మాట అడిగావా?"

"అడిగేదేంటి? మా అన్న సంగతి నాకు తెలీదూ?"

హాఫ్లిది నిట్టూర్చి తెల్లకాగితం, జిగురు తెచ్చాడు. వాడి చేతిలోంచి లాక్కుని ఆమే ఆ శీర్షిక మీద అంటించింది.

సాయంత్రం గ్రీముర్ నల్లకోటు తొడుక్కుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు. వెనక బల్ల దగ్గర కూర్చుందామని ఆమె చెయ్యి పట్టుకు లాగితే విదిలించుకుని, నేరుగా వేదిక ముందు కూర్చున్నాడు. తిండి ముట్టలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నిటారుగా, గోడ మీది పేజీనే చూస్తున్నాడు.

హాఫ్లిది మొదలుపెట్టాడు. వంతెన జోకుకి హాలు దద్దరిల్లింది. "పాస్టరుగారి గొర్రె పరారీ. అసలు వార్త: అదే ప్రసంగం మళ్లీ వినలేకపోయిన గొర్రె!" అనగానే పాస్టరు బల్ల మీద గుద్ది గుద్ది నవ్వాడు. ఆ తర్వాత హాఫ్లిది శీర్షికలు చూపిస్తున్న కర్ర తెల్లకాగితాన్ని దాటేసి కింది వార్త మీదికి దిగింది. అందరి కళ్లూ గ్రీముర్ మీద పడి, గబుక్కున కంచాల్లోకి దిగిపోయాయి.

"నాది ఏదే?" అన్నాడు గ్రీముర్ మెల్లగా, పక్కన కూర్చున్న చెల్లెలితో.

"ఏది, అన్నా?"

"నా బోటు. ఏ రోజు పేపరో ఫ్యాక్టరీలో అంతా చెప్పుకుంటున్నారు, నాకు తెలీదనుకున్నావా? అందుకేగా వచ్చాను! వారం నుంచి అద్దం ముందు నవ్వడం నేర్చుకుంటున్నానే." గోడ మీది తెల్లకాగితం వైపు వేలు చూపించాడు. "పాస్టర్ని వదల్లేదు, నన్నొదిలేశారు. చచ్చినవాణ్ణి వదిలేసినట్టు. నా మీద అంత జాలి పడుతున్నారా వీళ్లు?"

లేచి కోటు అందుకున్నాడు.

సాల్వోర్‌కి ఇందాకటి నుంచీ హాఫ్లిది మీద ఉన్న అసహ్యమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది. థూ, ఏం పని చేశాను! అడక్కుండానే అన్న నోరు నేనే నొక్కాను గదా! ఇప్పుడతను ఆ తలుపు దాటాడంటే, మళ్లీ ఈ హాల్లోకి వచ్చేది శవపేటికలోనే.

పరుగున వెళ్లి వేదికెక్కి మైకు లాక్కుంది.

"అక్కా, తీసేశా గదక్కా!" అని బిక్కచచ్చిపోయాడు హాఫ్లిది.

"నోర్ముయ్."

గోడ మీది తెల్లకాగితాన్ని గోళ్లతో గీకి పీకింది. "నిశ్చల సముద్రంలో రాయెక్కిన బోటు," అని చదివింది. ఆమె గొంతు ఆమెకే ఎబ్బెట్టుగా వినిపించింది. సొంత అన్న పరువు పదిమందిలో తీయడానికి నోరెలా వస్తుంది? అయినా తెరిచింది.

"అసలు వార్త: రాయి సముద్రంలో, కెప్టెన్ ఇంట్లో. నలభై ఏళ్లుగా ఇద్దరూ కదల్లేదు!"

అందరూ గ్రీముర్ వైపు తిరిగారు. ఇంతలో తలుపు దగ్గర, కోటు ఒక చేతికి మాత్రమే ఎక్కించుకుని నిలబడ్డ గ్రీముర్ గట్టిగా అరిచాడు.

"అబద్ధం! రాయి కొంచెం కదిలింది!"

నవ్వులతో హాలు పగిలిపోయింది. ఎవరో అతని వీపు చరిచారు, ఇంకెవరో గ్లాసులో సారా పోసి చేతిలో పెట్టారు. సాల్వోర్‌కి ఆ నవ్వులు, తను అన్న ఆ మాట ఇంకా రోతగానే ఉన్నాయి. వేదిక మీదే మైకు పట్టుకుని నిలబడి, అన్న కోటు విప్పేదాకా చూస్తూ ఉండిపోయింది.