పేరు చెరిపిన దరఖాస్తు

ఆకాశం చూసేవాళ్ళంతా రాత్రంతా మేల్కొని ఉంటారని ఎవడు పుట్టించాడో గానీ, వాణ్ణి పట్టుకుని నిలదీయాలి. ఈ కథలో ఖగోళ శాస్త్రవేత్త తొమ్మిదింటికల్లా పడుకుని గురక పెడుతుంది. "చుక్కలు చూసే కోడలొస్తోందంటే ఇంటికి కాపలా దొరికిందనుకున్నాను. దొంగలొచ్చి దుప్పటి లాక్కెళ్ళినా లేవదు" అని అత్తగారి ఫిర్యాదు. అత్తగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయింది. గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

దూరపు గెలాక్సీలు చూడ్డానికి మేడెక్కి కూర్చోనక్కర్లేదు. టెలిస్కోపు ఎక్కడో పైన తిరుగుతూ, చూసింది కిందికి పంపుతుంది. ఈమె పట్టపగలు, కాఫీ చల్లారబెట్టుకుంటూ, కంప్యూటరు ముందు కూర్చుని ఆ వెలుగును విప్పుతుంది. విప్పడమంటే, రంగుల పట్టీలా పరవడం. ఆ పట్టీలో అక్కడక్కడ మెరిసే గీతలుంటాయి. ఒక్కో వాయువుకు ఒక్కో గీత. గెలాక్సీ ఎంత దూరమైతే గీతలు అంతగా ఎరుపు వైపు జరుగుతాయి. రెండు మూడు గీతలు దొరికితే వాటి మధ్య ఎడం చూసి దూరం తేల్చేయొచ్చు. ఒక్కటే దొరికితే నట్టేట్లో పడ్డట్టే. అది హైడ్రోజన్ గీత అయితే గెలాక్సీ సృష్టి తొలిరోజులది. ఆక్సిజన్ గీత అయితే పక్కవీధి సరుకు.

ఈమెకు దొరికింది ఒక్కటే. హైడ్రోజనే అంది. వ్యాసం అచ్చయింది. ఆనాటి నుంచి డిపార్టుమెంటులో ఆమె పేరు ఒంటిగీతమ్మ.

ఆ పేరు పెట్టింది పరాయివాళ్ళు కాదు, పీహెచ్‌డీ చేయించిన గైడే. ఆయనకూ ఒక పేరుంది, ధూళి మాస్టారు. ఎంత దూరపు గెలాక్సీ పట్టుకొచ్చి చూపినా "దగ్గరిదేలే. ధూళి కప్పుకుని ఎర్రగా కనిపిస్తోంది" అంటాడు. చాలాసార్లు ఆయన మాటే నిజమవుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. "నీదీ ధూళే అమ్మాయ్, ఆ వ్యాసం వెనక్కి తీసుకో" అన్నాడు. "తీసుకోను" అంది. అంతే, మాటలు పోయాయి. కారిడార్లో ఎదురుపడితే ఇద్దరూ గోడమీది నోటీసుబోర్డు వైపు తిరిగి శ్రద్ధగా చదువుతారు. అందులో ఎప్పుడో అయిపోయిన సెమినారు ప్రకటన తప్ప చదవడానికేమీ లేదు.

ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఊరూరా తిరిగి, అద్దె ఇళ్ళు మారి, నలభై దాటాక కూడా "ప్రస్తుతానికి" అనే మాట మీద బతుకుతోంది. ఇలా బతికించడాన్ని విద్యావ్యవస్థ అంటారట! వచ్చే వేసవిలో పర్మనెంటు ఇంటర్వ్యూ. రెండో గీత చూపిస్తే కొలువు, లేకపోతే ఇంటికి. చూపించాలంటే కొత్త టెలిస్కోపు మీద టైము కావాలి. అడిగేవాళ్ళు బస్సు పట్టనంతమంది, సీట్లు రెండో మూడో. పైగా ఆ టైము పంచే కమిటీలో ధూళి మాస్టారున్నాడు.

ఆ కమిటీలు పూర్వం ఎలా నడిచేవో తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. దరఖాస్తు మీద పెద్దపేరుంటే లోపల ఊక ఉన్నా టైము దొరికేది. పేరు లేనివాడు బంగారం రాసినా "చూద్దాంలే" అనేవారు. ఒంటిగీతమ్మా, ఆమెలాంటి మరికొందరూ సభల్లో లేచి నిలబడి, సంతకాలు పోగుచేసి, గొంతు పోయేదాకా అరిచి దరఖాస్తుల మీద పేర్లు తీయించేశారు. వరసలు ఖాయమయ్యాకే ఎవరిది ఏదో కమిటీకి తెలుస్తుంది. అప్పుడు ధూళి మాస్టారు అడ్డుపడ్డాడు. "మొహం చూడకుండా పిల్లనిస్తామా?" అన్నాడు. "మొహాలు చూసి ఇచ్చారు గనకే ఇన్ని కొంపలు మునిగాయి" అందామె, నిండు సభలో.

పోట్లాడి తెచ్చుకున్న నియమం ఇప్పుడు ఆమె మెడకే చుట్టుకుంది. తన పాత పని గురించి రాసేటప్పుడు "నేను" అనకూడదు. పరాయివాళ్ళ పనిలా రాయాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది, కొట్టేస్తోంది. ఎదురుగా అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మొగుడు అక్కడే ఎవరిదో విరిగిన ఫ్రేముకు స్క్రూ బిగిస్తున్నాడు.

"రావట్లేదు అత్తయ్యా. ఈ గెలాక్సీని నమ్మేదాన్ని లోకంలో నేనొక్కదాన్నే. కాస్త మెచ్చుకుంటూ రాశానంటే చాలు, ఎవరు రాశారో పసిపిల్లాడికి కూడా తెలిసిపోతుంది."

"అయితే తిట్టు."

"నన్ను నేనే తిట్టుకోనా?"

"నీకు చేతకాకపోతే నేను లేనూ? కోడల్ని తిట్టడం నాకేమన్నా కొత్తా!" అత్తగారు చేతులు దులుపుకుంది. "సరే చెప్పు. మీ మాస్టారి గోలేంటి?"

"ధూళి సంగతి చూసుకోలేదంటారు."

"చూసుకున్నావా?"

ఒంటిగీతమ్మ కలం మూసింది. మళ్ళీ తెరిచింది. "చూశాను. చూడాల్సినంత చూడలేదు."

"మరి అదే రాయి! 'వీళ్ళు తొందరపడ్డారు. కళ్ళజోడు తుడుచుకోకుండానే కనబడింది కనబడింది అని కేకలేశారు.' రాశావా?"

"అమ్మా, నా దుకాణానికి ప్రచారం కూడా చేసేస్తున్నావే" అన్నాడు కొడుకు.

"నువ్వు నోర్మూసుకుని ఆ స్క్రూ చూసుకో. ఇంకా రాయి, 'ఒక్క టిక్కెట్టు చూసి బస్సంతా చెకింగ్ అయిపోయిందన్నట్టుంది వీళ్ళ వరస.'"

"అది మరీ ఎక్కువైంది అత్తయ్యా."

"అయితే కళ్ళజోడు ఉంచు."

ఉంచింది. విచిత్రమేమిటంటే, తిట్టడం మొదలుపెట్టాక కలం పరుగెత్తింది. ఇన్నేళ్ళూ వెనకేసుకొచ్చి వెనకేసుకొచ్చి నడుము వంగిపోయిన మనిషి ఒక్కసారి బరువు దింపుకున్నట్టయింది. గెలాక్సీ దగ్గరిదైతే ఏ గీత ఎక్కడ కనబడాలో, దూరానిదైతే ఏ జంట గీతలు ఎక్కడ రావాలో విడివిడిగా రాసింది. అబద్ధమైతే అబద్ధమనే తేలాలి, ఈ పని రెండింట్లో ఏదో ఒకటి తేల్చి తీరుతుంది అని ముగించింది. చదువుకుంటే తనకే నచ్చింది. ఇది రాసినామె ఎవరో గానీ తెలివైందే అనుకుంది.

శీతాకాలం గడిచాక ఒక ఉదయం మెయిలు వచ్చింది. టైము ఇచ్చారు. వరసలో మొదటిది!

ఆమె కుర్చీలోంచి లేచి, గదిలో ఎగరడానికి చోటు లేక, పుస్తకాల అలమరను కావలించుకుంది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ధూళి మాస్టారు వచ్చాడు. ఏళ్ళ తరవాత ఆ గడప తొక్కడం.

"అమ్మాయ్, నన్ను మోసం చేశావు."

"నేనేం చేశాను మాస్టారూ?" అలమరను వదల్లేదు.

"కమిటీలో మాటలు బయటికి చెప్పకూడదు. చెప్పకపోతే నాకు కడుపుబ్బరం. నీ కాగితం చదివి పొంగిపోయానే! ఆ పిల్ల పొగరు దించడానికి ఎన్నాళ్ళకి ఒక మొనగాడు పుట్టాడ్రా అనుకున్నాను. ఇద్దరు వద్దన్నారు. బల్ల గుద్ది మరీ మొదట పెట్టించాను. కళ్ళజోడు తుడుచుకోలేదన్న వాక్యం పైకి చదివి వినిపించాను కూడా! తీరా పేర్లు తెరిచేసరికి నువ్వు! కమిటీ కమిటీ అంతా నన్ను చూసి కడుపు పట్టుకుని నవ్వింది."

ఆమెకూ నవ్వాగలేదు. పెద్దాయన ముందు బాగుండదని పెదవి కొరుక్కుంది, లాభం లేకపోయింది. "మొహం చూడకుండా పిల్లనిచ్చేశారన్నమాట."

"పుండు మీద కారం చల్లకు."

"పేరు లేని కాగితం చదివారు. బాగుందన్నారు. ఇందులో మోసం ఏముంది మాస్టారూ?"

ఆయన కుర్చీ మీది కాగితాల కట్ట దించి కూర్చున్నాడు. "ఏమీ లేదు. అదే మంట" అన్నాడు. "నిజంగానే అలా అనుకుంటున్నావా? ధూళి సంగతి?" అని అడిగాడు. గొంతులో వెటకారం లేదు.

"అనుకోకపోతే రాస్తానా? మీరన్నదాంట్లో న్యాయం ఉంది. దూరానిదన్న నమ్మకం మాత్రం పోలేదు."

"దగ్గరిదే. పందెం."

"పందెం. ఓడినవాళ్ళు నోటీసుబోర్డు మీద స్వహస్తాలతో రాసి అంటించాలి. అందరూ చదివేలా."

"మంచిది. పెద్ద కాగితం కొనుక్కో" అని లేచాడు.

డేటా దిగే రోజు సెలవుదినం అయింది. ఇంట్లో భోజనాల బల్ల మీదే లాప్‌టాప్ పెట్టుకుంది. ఉద్యోగం, ఇన్నేళ్ళ మాట, అంతా ఆ తెరమీద వచ్చే పట్టీలో ఉంది. అంతలో తలుపు చప్పుడైతే, బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు లేచి తీసింది.

"ఇటుగా పోతూ..." అన్నాడు ధూళి మాస్టారు. ఆ వీధి ఎటూ పోదు.

"మా కోడల్ని తిట్టే మాస్టారు మీరేనా?"

"నేనేనమ్మా."

"రండి, కూర్చోండి. మనిద్దరిదీ ఒకటే డ్యూటీ."

పట్టీ పరుచుకుంది. మొదట గరుకుగా, ఇసుక చల్లినట్టు. ఆమె శుభ్రం చేసుకుంటూ పోయింది. దగ్గరిదైతే గీత రావాల్సిన చోటికి వెళ్ళింది. అక్కడ బోడిగా ఉంది. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఇక ఎరుపు వైపు జరిగింది. జరుగుతూ జరుగుతూ చేయి ఆగిపోయింది.

రెండు గీతలు. పక్కపక్కన. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, అక్కాచెల్లెళ్ళు చేతులు పట్టుకుని నించున్నట్టు.

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడవబోయాడు.

"ఇలా ఇవ్వండి, గీతలు పడతాయి" అని మొగుడు అందుకుని మెత్తటి గుడ్డతో తుడిచిచ్చాడు.

ఆయన పెట్టుకుని, ముక్కు తెరకు తగిలేంత వంగాడు. "చిన్నది పెద్దదాంట్లో మూడోవంతు ఉండాలి. కొలిచి చూడు."

కొలిచింది. ఉంది.

"వాటి ఎడం?"

"సరిగ్గా సరిపోయింది మాస్టారూ."

"అంటే?" అంది అత్తగారు.

"అంటే మీ కోడలిది నిజమేనమ్మా" అన్నాడాయన. "చాలా దూరం. నేను చూసినవాటిలో ఇంత దూరానిది లేదు." ఆ మాట అనేసరికి ఆయన మొహం పసిపిల్లాడి మొహమైంది. ఓడిపోయినవాడు అంత ఆనందంగా ఉండడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు.

"రైట్! రైట్!" అని అత్తగారు వేసిన కేకకు పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఒంటిగీతమ్మ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ అత్తగారి బఠాణీల గిన్నె బోర్లించింది, అయినా తిట్లు పడలేదు.

"ఇంతకీ ఆ కళ్ళజోడు వాక్యం" అన్నాడు మాస్టారు, బల్లకింద బఠాణీలు ఏరుతూ, "నీ రాతలా అనిపించలేదమ్మాయ్. ఎవరిది?"

"నాది" అంది అత్తగారు. "టిక్కెట్ల మాట కూడా చెప్పాను. కొట్టేసింది."

"అయ్యో, అదేంటి?"

చెప్పింది. ఆయన పగలబడి నవ్వి, "అది ఉండాల్సింది" అన్నాడు.

మర్నాడు ఆమె డిపార్టుమెంటు మెట్లెక్కేసరికి నోటీసుబోర్డు ముందు గుంపు. పాత సెమినారు ప్రకటన పీకేసి, దాని స్థానంలో పెద్ద కాగితం. మాస్టారి గజిబిజి అక్షరాలు: "దూరానిదే. నేను పొరబడ్డాను." కింద సంతకం పెట్టలేదు, "ధూళి" అని మాత్రం రాసుకున్నాడు. దాని కింద, ప్రాణం ఊరుకోక కాబోలు, చిన్న అక్షరాల్లో: "కొంచెం ధూళి కూడా ఉంది. కొలుచుకోండి."

వేసవిలో ఇంటర్వ్యూ చేయడానికి కూర్చున్నవాళ్ళంతా ఆ కాగితం చదివే లోపలికి వచ్చారు. ఇక వాళ్ళు అడగడానికి ఏం మిగిలింది? ఆమె బతుకులోంచి "ప్రస్తుతానికి" అనే మాట ఆ రోజుతో పోయింది.

కానీ ఇదంతా తరవాతి మాట. ఆ ఉదయం ఆమె గుంపును తోసుకుని ముందుకెళ్ళింది. పక్కనే మాస్టారు నిలబడి తన రాతే తను చదువుకుంటున్నాడు. ఇన్నేళ్ళ తరవాత ఆ బోర్డు మీద ఇద్దరికీ చదవడానికి ఏదో దొరికింది.

"ఎంత ధూళి అంటారు?" అని అడిగిందామె.

"పద, చూద్దాం" అన్నాడు.