గువ్వలబోడు

అచ్చియమ్మ పంతం పట్టి మరీ వచ్చింది. బిలాస్‌పూర్‌లో బయలుదేరి, రాయపూర్‌లో రైలు మారి, కొత్తగా పడిన విజయనగరం లైను మీద ఒళ్ళు హూనం చేసుకుని, ఆపైన ఎద్దుబండి ఎక్కి, చివరికి కొడుకు భుజం పట్టుకుని గువ్వలబోడు కొండ ఎక్కుతోంది. కళ్ళు పోయి చాలాకాలమైంది గనక చూడ్డానికి రాలేదు. పుట్టినూరి సముద్రపు ఒడ్డున, ఆ కొండచరియ నిండా గూళ్ళు పెట్టుకునే పిట్టల గోల చచ్చేలోగా ఒక్కసారి వినాలి, అంతే.

ఆ కోరిక కూడా కోడలు కనకమహాలక్ష్మితోనే చెప్పుకుంది. కొడుకుతో మాటలు ఎప్పుడో మానేసింది. అప్పలకొండ రైల్వే షెడ్డులో బాయిలర్లకు రివెట్లు కొడతాడు. డ్యూటీ దిగి దయాల్‌బంద్ పేటలోని ఇంటికొచ్చాక తల్లి పిలిస్తే పలకడు. "అలిసిపోనాడత్తా" అని కోడలే జవాబిస్తుంది. కన్నతల్లి బరువైపోయిందన్నమాట అనుకుని అచ్చియమ్మ నోరు కట్టేసుకుంది. సెలవు పెట్టి పాసు తెచ్చాడంటే అదీ పీడ వదిలించుకోవడానికే అనుకుంది. ముసలి మనసు ఒకసారి విరిగితే అంత తేలిగ్గా అతకదు మరి.

పైకి చేరేసరికి చెంపలకు మంచు చెమ్మగా తగిలింది. ఇద్దరూ కూలబడ్డారు. అప్పుడు వినిపించింది. కొండ అంచు కిందనుంచి, ఒకటా రెండా, వేలు! కీచుమంటూ, పోట్లాడుకుంటూ, పిల్లల్ని పిలుచుకుంటూ. బిలాస్‌పూర్ గోల్ బజార్ సంత దీని ముందు బలాదూర్. అచ్చియమ్మ చెవి అటే ఒగ్గింది.

పక్కన అప్పలకొండ నిట్టూర్చాడు. "మంచు కమ్మేసినాదమ్మా, ఏటీ అగుపడదు. పిట్టలు ఎల్లిపోనాయి కావాల. సప్పుడే నేదు గదా."

అచ్చియమ్మ తుళ్ళిపడింది. "అప్పలకొండా!" మెల్లగా పిలిచింది. పలకలేదు. "ఒరే నాయినా!" అని గొంతు చించుకుంది. పలకలేదు. తడుముకుని అతని చెవి పట్టుకుంది.

అతను బిగుసుకుపోయాడు. "సుత్తి దెబ్బల మోతకి సెవులు పోనాయమ్మా. దొరకి తెలిస్తే పని తీసేస్తాడు. నీకు తెలిస్తే ఏడుస్తావని సెప్పనేదు."

ఇన్నాళ్ళూ లోలోపల తిట్టుకున్న తిట్లన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. తప్పయిపోయిందిరా అన్నా వాడికి వినపడదు. వాడి అరచేతిని ఒళ్ళో పెట్టుకుని, పిట్ట అరిచినప్పుడల్లా వేలితో కొట్టసాగింది. టకటకా, ఆగకుండా, వేలు నొప్పెట్టేదాకా కొట్టింది.

ఆ దెబ్బలు లెక్కపెట్టలేక అప్పలకొండ తల్లివైపు తిరిగాడు. "ఇన్ని పిట్టలున్నాయేటమ్మా?"