నూరువరహాలకు కొట్టిన మందు

మందు కొట్టడంలో తన తర్వాతే ఎవరైనా అని వీరాంజనేయులి నమ్మకం. ప్రత్తిపాడు పక్కన ఆ ఊళ్లో మిరపకు ముడత వచ్చినా, పత్తికి దోమ పట్టినా జనం అతన్నే అడిగేవారు. అతనూ అడిగినదానికి రెండింతలు చెప్పేవాడు. గడ్డిమందు కొట్టిన టాంకు కడక్కుండా పత్తికి కొట్టి చేను మాడ్చుకున్నాడని, కిందటి కార్తీకంలో కోటి అనే రైతును టీకొట్టు ముందు నిలబెట్టి నలుగురిలో దులిపేశాడు.

అంతటివాడు ఫాల్గుణంలో పక్కింటి పేరమ్మ పెరట్లో నూరువరహాల చెట్టుకు మందు కొట్టాడు. ఇప్పుడెవరూ పెద్దగా వేసుకోని పాతకాలపు చెట్టది. ఆవిడ కాపురానికొచ్చిన ఏడు నాటింది. ఎండలు మొదలయ్యేసరికి ఆకు కనపడకుండా ఎర్రటి గుత్తులు వేసేది. ఈసారి మొగ్గలకు పేను పట్టిందని ఆవిడ పిలిస్తే వెళ్లి చకచకా కొట్టొచ్చాడు. ఇంటికొచ్చి టాంకు దించుతుంటే గుర్తొచ్చింది. నిన్న గట్ల మీద గడ్డిమందు కొట్టింది దీంతోనే. కడగలేదు.

అప్పుడే వెళ్లి నాలుగు బిందెలు నీళ్లు కుమ్మరిస్తే చెట్టు బతికేదేమో. కోటి మొహం కళ్లముందు మెదిలి ఆగిపోయాడు. పదిహేను రోజుల్లో చెట్టు నిలువునా ఎండింది.

పేరమ్మ చెయ్యి మంచిదని ఊళ్లో పేరు. ఎవరి మిరప నారుమడిలోనైనా మొదటి గుప్పెడు విత్తనాలు ఆవిడే చల్లాలి. చెట్టు పోయాక ఆవిడ తన చెయ్యే చెడిందనుకుంది. శ్రావణంలో పిలవడానికొచ్చిన వాళ్లతో రానని చెప్పేసింది. రెండుసార్లు అలా అన్నాక జనమూ పిలవడం మానేశారు. గోడ ఇవతల ఇదంతా చూస్తున్న వీరాంజనేయులికి సిగ్గేసేది. అయినా నిజం చెప్పలేదు.

తమ నారుమడికి మాత్రం అతని భార్య రాజేశ్వరి ఊరుకోలేదు. వెళ్లి పేరమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆవిడ మడి అంచునే ఆగిపోయింది.

"వద్దమ్మా. ఏభై ఏళ్లు పెంచినదాన్నే నిలుపుకోలేకపోయాను. మీ నారు కూడా పోతే ఆ పాపం నాకెందుకు?"

కూలీలున్నారు. మడి చదును చేస్తూ కోటీ ఉన్నాడు.

"నీ చెయ్యి కాదు పిన్నీ," అన్నాడు వీరాంజనేయులు. "టాంకు కడగలేదు. అందులో గడ్డిమందుంది. నాకు ఆరోజే తెలుసు."

కోటి నవ్వుతాడని ఎదురుచూశాడు. కోటి నవ్వలేదు, పార పక్కన పెట్టి ఎటో చూశాడు. నవ్వి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

పేరమ్మ చెట్టు ఊసే ఎత్తలేదు.

"అయిదు నెలలురా," అంది. "రోజూ గోడ మీంచి పలకరిస్తూనే ఉన్నావుగా?"

ఆవిడ కొంగు బిగించి, గుప్పెడు విత్తనాలు తీసుకుని మడిలోకి దిగింది.

"రాజేశ్వరి మొహం చూసి చల్లుతున్నా," అంది, అతని వైపు తిరక్కుండానే.